మాటలేని బోధ: సర్కారు బడులలోని క్రైస్తవ గురువులు

బిడ్డకు నడక నేర్పునది తల్లి. నడత నేర్పువారిలో తల్లిదండ్రుల తరువాత లెక్కింపదగినవారు గురువులు. ఉదయము మొదలుకొని సాయంకాలము వఱకు మన బిడ్డ ఎవరి మాట వినుచున్నదో, ఎవరి చేయి చూచి అక్షరము దిద్దుచున్నదో, ఎవరి ముఖము చూచి ధైర్యము తెచ్చుకొనుచున్నదో మనము తఱచుగా విచారింపము. మార్కుల పట్టీ ఇంటికి వచ్చినప్పుడు మాత్రము బడిని తలచుకొందుము. ఫలితము బాగున్నచో మా బిడ్డ తెలివిగలదందుము. బాగులేనిచో పంతులమ్మ సరిగా చెప్పలేదందుము. ఈ రెండు మాటలలోను గురువునకు దక్కు మెప్పు ఏమియు లేదు.

ఇట్లు మెప్పు దక్కని గురువులలో ఒక వర్గమువారిని గూర్చి ఈ నెల ముచ్చటింప దలచితిని. వారు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలోని సర్కారు బడులయందు పనిచేయు క్రైస్తవ ఉపాధ్యాయులును, ఉపాధ్యాయినులును. వారు సంఖ్యకు కొద్దిమంది. ఆదివారమునాడు తమ ప్రార్థనాలయమునకు పోయి, సోమవారమునాడు తక్కినవారివలెనే హాజరుపట్టీ చేతబట్టుకొని తరగతిలో నిలుతురు. తమ విశ్వాసము వారికి ప్రాణప్రదము. అయినను దానిని తరగతిలో బోధించుటకు వారికి అధికారము లేదు. నోట చెప్పరాని విశ్వాసమును మనుష్యుడు ఎట్లు నిలుపుకొనును? నడతలోనే నిలుపుకొనవలయును. అట్టి నడతచేత మన బిడ్డలకు కలుగుచున్న మేలెంతయో తెలిసికొనుట తల్లులమైన మనకు అవసరము.

ఈ బడులకు వచ్చు బిడ్డలెవరు?

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు కరీంనగరము జిల్లాలోనివే. ఆనాటి విభజనలో జగిత్యాల ప్రత్యేక జిల్లా యయ్యెను. కోరుట్ల అందులో చేరెను. సిరిసిల్ల కేంద్రముగా, వేములవాడ రాజన్న పేరిట, రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడెను. గోదావరి యొడ్డున ధర్మపురి నరసింహస్వామి, కొండగట్టున ఆంజనేయుడు, వేములవాడలో రాజరాజేశ్వరుడు కొలువుదీరిన సీమ యిది. ఇచ్చట హిందువులే యధికులు. ముహమ్మదీయులును గలరు. క్రైస్తవులు స్వల్పసంఖ్యాకులు.

సిరిసిల్లలో ఏ వాడకు పోయినను సాంచెల చప్పుడు వినవచ్చును. పురుషులు సాంచెలు నడుపుదురు. స్త్రీలలో పెక్కురు కండెలు చుట్టుదురు, బీడీలు చేయుదురు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలోను చేట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు తల్లులు వాడవాడకును గలరు. వేయి బీడీల కింతయని కూలి. పురుషులలో పలువురు బ్రతుకుదెరువునకై దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోయి, ఏండ్లు గడచిన పిదప గాని ఇల్లు చేరరు. తండ్రి ముఖమును సెల్‌ఫోనులో మాత్రమే చూచుచు పెరుగు పిల్లలు ఈ సీమలో అరుదు కారు.

కొంత కలిమిగలవారు తమ పిల్లలను ప్రైవేటు బడులకు పంపుదురు. సర్కారు బడికి వచ్చునది ఎక్కువగా కూలివాని బిడ్డ, బీడీలు చుట్టు తల్లి బిడ్డ, తమ వంశములో మొదటిసారి పలక పట్టిన బిడ్డ. అట్టి బిడ్డకు ఇంట పాఠము చెప్పువారుండరు, తప్పు దిద్దువారుండరు. బడిలోని గురువే ఆ బిడ్డకు దిక్కు. ఆ గురువు మనసు పెట్టినచో బిడ్డ బ్రతుకు ఒక త్రోవ పట్టును. మనసు పెట్టనిచో మఱియొక త్రోవ పట్టును. గురువు మంచిచెడ్డలు ఇచ్చట ఊరక చెప్పుకొను మాటలు కావు.

చట్టము గీచిన గీత

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ విషయమున రెండు కట్టుబాట్లు చేసినది. 25వ అధికరణము ప్రకారము ప్రతి మనిషికిని తన అంతరాత్మ చొప్పున నడచుకొనుటకును, తన మతమును అవలంబించుటకును, ప్రకటించుటకును స్వాతంత్ర్యము గలదు. అది ప్రజాశాంతికిని, నీతికిని, ఆరోగ్యమునకును లోబడినది. 28వ అధికరణము ప్రకారము కేవలము ప్రభుత్వధనముచే నడుచు విద్యాలయములలో మతబోధ జరుగరాదు. మొదటి కట్టుబాటు ఉపాధ్యాయినిని కాపాడును. రెండవది మన బిడ్డను కాపాడును. ఈ గీత హిందూ ఉపాధ్యాయునకును, ముహమ్మదీయునకును, క్రైస్తవునకును ఒకే తీరుగా వర్తించును. మతసంస్థలే నడపుచు ప్రభుత్వ సహాయము పొందు బడులయందు సైతము, బిడ్డను మతబోధలో కూర్చుండబెట్టవలెనన్న సంరక్షకుల యనుమతి కావలయును.

మంచి క్రైస్తవ ఉపాధ్యాయిని ఈ గీతను తన విశ్వాసమునకు అడ్డుగోడగా నెంచదు. ఏలయన, చిన్నబిడ్డ గురువు చెప్పినదెల్ల నిజమని నమ్మును. మార్కులు వేయునది ఆమె, మందలించునది ఆమె, మెచ్చుకొనునది ఆమె. అంతటి అధికారము చేతనున్నప్పుడు బిడ్డ మనసును తన మతమువైపు త్రిప్పుట సులభము. సులభమైనంత మాత్రమున న్యాయము కాదు. భయముచేతనో, గురువు మెప్పునకై ఆశించియో ఒప్పుకొన్న విశ్వాసము క్రైస్తవుల దృష్టిలోనే విశ్వాసము కాదు.

అంతియేకాదు. దానము చేయునప్పుడు బాకా ఊదింపవలదనియు, ప్రార్థన చేయునప్పుడు గదిలోనికి పోయి తలుపు వేసికొనుమనియు క్రీస్తు తన శిష్యులకు బోధించినట్లు సువార్తలు చెప్పుచున్నవి. కావున తరగతిలో మౌనము వహించి, ఇంట తలుపు మూసికొని తన తరగతి పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా తలచుకొని ప్రార్థించు ఉపాధ్యాయిని చట్టమును పాటించుచున్నది. తన గురువు మాటను సైతము పాటించుచున్నది.

ఊరి వెలుపలి వాడకు పోయిన పంతులు

క్రైస్తవ పంతులు ఈ సీమకు క్రొత్తవాడు కాడు. నిజాము రాజ్యమున వెస్లియను మిషనువారు 1880 ప్రాంతమున సికింద్రాబాదులో పని ప్రారంభించి, పిదప మెదకు, కరీంనగరము ప్రాంతములకు వ్యాపించిరి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికచే నిర్మింపబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును చూచివచ్చినవారు మనలో పెక్కురుందురు. ఆ రాతికట్టడమును చూచి అబ్బురపడు మనము, దానికంటె ముందే ఊళ్ల వెలుపలి వాడలలో వెలసిన చిన్నబడులను తలపము. పేదల పిల్లలు పగలు పశువుల వెంటనో, కూలికో పోవుదురు గనుక, రాత్రివేళ దీపము వెలిగించి పంతులు చదువు చెప్పెడివాడు. అతడే ప్రార్థన జరుపువాడు. వాడలోనివారికి ఉత్తరములు చదివి పెట్టువాడును అతడే.

ఆ దినములలో గ్రామములయందు సర్కారు బడులు తక్కువ. ఉన్నచోటను ఉర్దూ చదువునకే పెద్దపీట. సిరిసిల్లకు సమీపమున హనుమాజీపేటలో 1931లో జన్మించి, తరువాత జ్ఞానపీఠ పురస్కారము పొందిన సి. నారాయణరెడ్డిగారంతటి తెలుగు కవియు సిరిసిల్ల, కరీంనగరములలో ఉర్దూ మాధ్యమముననే చదువుకొనవలసి వచ్చెను. అట్టి కాలమున అంటరానివారని ఊరు దూరముగా నుంచిన వాడలో బిడ్డకు తెలుగు అక్షరము నేర్పిన పంతులు చేసిన మేలు చిన్నది కాదు.

దోర్నకల్లు అధ్యక్షులైన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారి పేరు ఇచ్చట చెప్పుకొనవలయును. వారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయులైరి. తిరునల్వేలి సీమకు చెందిన తమిళులయ్యు తెలుగు నేర్చి, గ్రామ పంతుళ్లను తమ పనికి వెన్నెముకగా నెంచిరి. శిక్షణకు వచ్చు పంతులుతోపాటు అతని భార్యకును చదువు చెప్పు ఏర్పాటు దోర్నకల్లులో నుండెను. అజరయ్యగారి భార్య అన్బు మరియమ్మాళ్ గారు ఆ స్త్రీల విద్యయందు శ్రద్ధ వహించిరి. భర్త మగపిల్లలకు అక్షరము దిద్దించుచుండగా భార్య ఆడువారికి చదువును, శుభ్రతను నేర్పవలయునని వారి తలంపు. 1947 సెప్టెంబరు 27న పలు సంఘములు కలసి దక్షిణ ఇండియా సంఘమయ్యెను. 1978లో కరీంనగరము కేంద్రముగా వేఱొక అధ్యక్షమండలము ఏర్పడెను.

ఆ పాత పంతులు సంఘపు కొలువులో నుండెను గనుక మతము చెప్పుట అతని పనిలో భాగము. నేటి సర్కారు ఉపాధ్యాయిని ప్రజల ధనమునుండి జీతము పుచ్చుకొనుచున్నది గనుక మతము చెప్పుట ఆమె పని కాదు. ఆ పంతులు నుండి ఆమెకు సంక్రమించిన ఆస్తి ప్రసంగము కాదు. ఎవ్వరును పోని వాడకు తాను పోవుట, ఎవ్వరును పట్టించుకొనని బిడ్డను తాను చేరదీయుట. ఆ యాస్తి ఏ చట్టమును నిషేధింపనిది.

ఇద్దరు తెలుగువారి చరిత్ర

మాటచేత చేసిన మతబోధకును, విద్యాదానమునకును గల భేదము ఒక మహనీయుని జీవితములో స్పష్టముగా కానవచ్చును. మనము సెప్టెంబరు 5న గురుపూజ జరుపుకొనునది సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి జన్మదినమున. 1888లో తెలుగు కుటుంబమున జన్మించిన వారు తిరుపతిలో లూథరన్ మిషను పాఠశాలయందును, వేలూరులో ఊరీస్ కళాశాలయందును, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలయందును చదివిరి. హిందూమతమును గూర్చి మిషనరీలు చేసిన విమర్శలు తమ్ము కలతపెట్టి, తమ మతమును లోతుగా పరిశీలించుటకు పురికొల్పినవని వారే తరువాత చెప్పుకొనిరి. వాదముతో గెలువబోయినచోట ప్రతివాదము పుట్టెను. శ్రద్ధతో తర్కమును, తత్త్వమును నేర్పినచోట దేశమునకు ఒక మహాపండితుడు లభించెను. పరమతస్థుడైన గురువువద్ద చదివినంతమాత్రమున బిడ్డ తన మతమునకు దూరమగునని భయపడు తల్లులును, నోటిమాటతోనే విశ్వాసము వ్యాపించునని తలంచు ఉపాధ్యాయులును ఈ చరిత్రను జ్ఞప్తియందుంచుకొనవలయును.

రెండవవారు గుఱ్ఱము జాషువగారు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించిన ఈ మహాకవి బ్రతుకుతెరువునకు బడిపంతులు. గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున సుమారు 10 సంవత్సరములు పనిచేసి, 1928 నుండి 1942 వఱకు అచ్చటనే ప్రభుత్వపాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. కులము పేరిట ఊరివారు అవమానించిరి. కావ్యపురాణములు చదువుచున్నాడని స్వమతస్థులలో కొందఱు కినిసిరి. ఇరువైపులనుండి నొప్పి తగిలినను వారు ద్వేషమును చదువుగా చెప్పలేదు. క్రైస్తవులయ్యు పారసీక కవి ఫిరదౌసిపై కావ్యము వ్రాసిరి; పేదవాని మొరను గబ్బిలముచేత కాశీవిశ్వనాథునకు పంపిరి; గాంధీమహాత్ముని గూర్చి వ్రాసిరి. తమ విశ్వాసమునకు మూలమైన క్రీస్తుచరిత్రను సైతము తెలుగువారందఱు చదువుకొను కావ్యముగా రచించి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. తరగతికి తరగతి, కావ్యమునకు కావ్యము. రెంటను వారు దాచినది లేదు, రుద్దినది లేదు.

నడతలో కానవచ్చు విశ్వాసము

ఇక మన బడులకు వత్తము. జూను నెలలో బడిబాట పేరిట ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి బిడ్డలను బడిలో చేర్చుమని యడుగుదురు. అది ప్రభుత్వాజ్ఞ గనుక అందఱును చేయుదురు. కాని ఆ నెల గడచిన పిదప, ఆగస్టులోనో, నవంబరులోనో నాలుగు దినములు వరుసగా బడికి రాని బాలిక ఇంటికి పోవలెనన్న ఆజ్ఞ కంటె అధికమైనది కావలయును. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోగా తొంబదితొమ్మిదింటిని విడిచి దానిని వెదకబోయిన కాపరి కథ సువార్తలో గలదు. ఆ కథను ఆదివారము విన్న ఉపాధ్యాయిని సోమవారము హాజరుపట్టీలో ఒక పేరునకు ఎదురుగా మరల సున్న చుట్టవలసివచ్చినప్పుడు ఏమి చేయునన్నదే ఆమె విశ్వాసమునకు పరీక్ష.

ఆ బాలిక ఇంట జరుగునదేమో మనకు తెలియనిది కాదు. తల్లి చెప్పిన బీడీల లెక్క పూర్తికాలేదు. చిన్నవాడు ఒడి దిగుటలేదు. తండ్రి దేశాంతరమున నున్నాడు. కాబట్టి పెద్దపిల్ల బడి మానినది. అట్టి ఇంటికి సాయంకాలము పోయిన ఉపాధ్యాయిని గద్దించి ప్రయోజనము లేదు. గడప వద్ద కూర్చుండి, తల్లి చేతిపని ఆగకుండ మాటలాడి, చిన్నవానిని అంగనవాడిలో విడుచు త్రోవ చెప్పి, "అక్కా, రేపు పిల్లను పంపు, పోయిన పాఠము నేను కూర్చుండి చెప్పుదును" అనవలయును. ఇట్టి మాట ఏ పత్రికలోను పడదు. ఏ పురస్కారమునకును లెక్కకు రాదు. ఆ బాలిక మాత్రము పదవ తరగతి వఱకు వచ్చును.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చినది. దాని 17వ సెక్షను బిడ్డను కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించును. 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషను చెప్పరాదనును. చట్టమునకు వెఱచి బెత్తము దాచినవారును గలరు. బిడ్డను తన మధ్య నిలువబెట్టి ఇట్టివారిదే దైవరాజ్యమన్న క్రీస్తు తలంపును నమ్మి బెత్తమును విడిచినవారును గలరు. మొదటివారి చేతిలో బెత్తము లేకున్నను నాలుకపై నుండును. రెండవవారు మొద్దని పేరుపడిన బిడ్డను ముందు వరుసలో కూర్చుండబెట్టుకొందురు.

మధ్యాహ్న భోజనమును గూర్చియు చెప్పవలయును. ఉమ్మడి రాష్ట్రమున 2003 జనవరిలో ఈ పథకము మొదలయ్యెను. అన్ని కులముల బిడ్డలు ఒకే పంక్తిలో కూర్చుండి తినుట మన సీమకు చిన్న మార్పు కాదు. అచ్చట కాపాడవలసినవి రెండు: బియ్యపు లెక్కలో నిజాయితీ, వడ్డనలో సమత. గురువు తన శిష్యుల పాదములు కడిగెనను కథను నమ్మినవారికి పిల్లల పళ్లెముల వద్ద నిలుచుట నామోషి కాదు. ఎవరికి కూర తక్కువైనదో చూచుట చిన్నపని కాదు.

దసరాకు ముందు బడిలో బతుకమ్మ ఆడుదురు. ఆడపిల్లలు తంగేడు, గునుగు, బంతి తెచ్చి పేర్చుదురు. క్రైస్తవ ఉపాధ్యాయిని తాను పూజ చేయదు. చేయుమని ఎవ్వరును ఆమెను నిర్బంధింపరాదు. కాని పిల్లల సంతోషమును చిన్నబుచ్చదు. జారిన పూవును అందించుటయు, చిన్నపిల్లలు చెఱువుగట్టు జారకుండ చేయి పట్టుకొనుటయు ఆమె చేయదగినవే. ఒకరి పండుగను గౌరవించుటకు తన విశ్వాసమును విడువనక్కఱలేదు. ఈ సంగతిని బిడ్డలు ఆమెను చూచి నేర్తురు.

ఇరువైపుల పోటు

ఇట్టి ఉపాధ్యాయినుల బ్రతుకు పూలబాట కాదు. వీరిలో పెక్కురు దళిత కుటుంబములనుండి వచ్చినవారు. 1950లో వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము ఆ హోదా మొదట హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించెను, క్రైస్తవులకు విస్తరింపలేదు. మన రాష్ట్రమున క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని వెనుకబడిన తరగతులలో సి వర్గమున చేర్చిరి. ఆ వర్గమునకు గల భాగము నూటికి 1. షెడ్యూల్డు కులములకు 15. కావున కొలువునకు దరఖాస్తు పెట్టుకొనునప్పుడు తాను క్రైస్తవురాలినని నిజము వ్రాసిన దళిత యువతి పెద్ద వరుసను విడిచి చిన్న వరుసలో నిలువవలయును. నిజమునకు ఆమె చెల్లించు వెల యది. ఆ వెల చెల్లింప వెఱచి లోన ఒకటి, కాగితముపై ఒకటిగా బ్రతుకువారి మనోవేదనయు తక్కువది కాదు. ఈ యేర్పాటులోని న్యాయాన్యాయములపై దేశమున చాలకాలముగా వాదములు జరుగుచునే యున్నవి. బిడ్డలకు నిజము పలుకుమని చెప్పవలసిన గురువు హృదయములో ఈ పోరు జరుగుచున్నదని మనము తెలిసికొన్న చాలును.

మఱియొక పోటు మాటలది. బిడ్డ ఇంటికి పోయిన ఉపాధ్యాయినిని చూచి, మతము మార్చుటకే వచ్చినదని గుసగుసలాడువారు గలరు. అదే సమయమున, బడిలో దేవుని మాట చెప్పుట లేదని, విశ్వాసమున చల్లబడినదని స్వజనులలో నిందించువారును గలరు. రెండు నిందలకును ఆమె ఒకే సమాధానము చెప్పగలదు. అది మరునాడు వేళకు బడికి పోవుట.

క్రైస్తవులైన ఉపాధ్యాయులందఱును ఉత్తములని నేను చెప్పుట లేదు. అన్ని మతములలోను వేళకు రానివారు, మనసు పెట్టనివారు గలరు. వేంకటేశ్వరుని నమ్మి, అల్లాను నమ్మి, ఏ దైవమును నమ్మకయు బిడ్డలకై ప్రాణము పెట్టు గురువులు ఈ మూడు పట్టణములలోను గలరు. వారును ఇట్లే వందనీయులు. కాని తనకు మిక్కిలి ప్రియమైన మాటను నోట రానీయక, దానిని చేతిపనిగా మార్చుకొను కష్టము స్వల్పసంఖ్యాకులకు ఎక్కువ. అందుచేతనే వారిని ప్రత్యేకించి తలచితిని.

మన వంతు

మనము చేయదగినవి కొన్ని గలవు. విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ బడులలో నేర్పడు పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలయును. సభ్యులలో సగము స్త్రీలు ఉండవలయును. 2024లో మన రాష్ట్రమున అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను మహిళాసంఘములవారితో ఏర్పఱచిరి. కావున బడిలో మాటలాడు హక్కు మనకు గలదు. ఆ హక్కును మరుగుదొడ్డి తలుపును గూర్చి, నీళ్లకుండను గూర్చి అడుగుటకు వినియోగింతము. మంచి గురువును నలుగురియెదుట మెచ్చుకొనుటకును వినియోగింతము. దూరపు ఊరికి బదిలీయై పోవునప్పుడు కన్నీరు పెట్టుకొనుటకంటె, ఉన్నప్పుడే ఒక మాట చెప్పుట మేలు.

ఎవరిని గూర్చియైన గుసగుస వినవచ్చినప్పుడు నమ్ముటకు ముందు బిడ్డనడుగుదము: "బడిలో టీచరమ్మ ఏమి చెప్పినది?" నిజముగా ఏ మతపు గురువైనను గీత దాటినచో, మర్యాదగా ఆ గురువుతోనే చెప్పుదము; వినకున్న ప్రధానోపాధ్యాయునితో చెప్పుదము. గీత దాటనివారిని మతము చూచి అనుమానించుట మాత్రము కృతఘ్నత.

జనవరి 3న సావిత్రీబాయి ఫూలే జయంతిని మహిళా ఉపాధ్యాయ దినముగా జరుపవలెనని 2025లో మన ప్రభుత్వము నిర్ణయించెను. ఆ సావిత్రీబాయి గారు ఉపాధ్యాయ వృత్తియందు శిక్షణ పొందినది అహమదునగరులో సింథియా ఫరారను అమెరికా మిషనరీ మహిళయొద్ద. శిష్యురాలు క్రైస్తవురాలు కాలేదు. దేశపు ఆడుబిడ్డలకు గురువయ్యెను. ఒక విశ్వాసము గలవారు వెలిగించిన దీపము వేఱొక యింట వెలుగుట మన దేశమునకు క్రొత్త కాదు.

సిరిసిల్ల సాంచెల నడుమనుండియు, కోరుట్ల బీడీచేటల ప్రక్కనుండియు, జగిత్యాల పొలముగట్లనుండియు బడికి పోవు బిడ్డల చేతులు పట్టుకొని నడిపించు గురువులు మనకు కావలయును. గురువు విశ్వాసము గురువుది. ఆ విశ్వాసము చేయించిన మేలు మన బిడ్డలది. ఈసారి బడిగేటు వద్ద ఆమె కనబడినప్పుడు నిలిచి, రెండు చేతులు జోడించి, "అమ్మా, మా బిడ్డను బాగు చేసితివి" అని మనస్ఫూర్తిగా చెప్పుదము. అంతకుమించి ఆమె మననుండి కోరునది లేదు.